మంగళగిరి అంచు విమానం

జాహిద్ ఇరవై ఏళ్ళ పైన బెజవాడ ఆటోనగర్‌లో లారీలకు రంగులు వేశాడు. అతని చేతి పని ఒక్కటి చూపించమని ఇవాళ ఎవరైనా నన్నడిగితే చూపించలేను. లారీ బతుకే అంత. రంగు వెలిసిపోతే బ్రేకు ఇనస్పెక్టరు బండిని పాస్ చెయ్యడు. అందుకని ఓనర్లు ఏడాదికో రెండేళ్ళకో షెడ్డుకు తోలుకొచ్చి, పాతదంతా గీకించి కొత్త రంగు కొట్టిస్తారు. తను వేసిన తామరపువ్వును, తను దించిన నెమలిని ఉప్పుకాగితం పెట్టి జాహిదే గీకేవాడు. ఆ దుమ్మూ, స్ప్రే గన్నులోంచి లేచే రంగు పొగా పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. మూతికి గుడ్డ కట్టుకోవయ్యా అని చెప్పినవాళ్ళు లేకపోలేదు. గుడ్డ కడితే ఊపిరి బిగబట్టి గీత గియ్యడం కుదరదనేవాడు. మొండిఘటం.

నాది గవర్నర్‌పేటలో కంప్యూటర్ల రిపేరు కొట్టు. పేరు బాలశౌరి. నోటి దురుసు మనిషినని ఆ వీధిలో నాకు పేరుంది, కాదని నేనూ అనను. మా కొట్టు బోర్డు జాహిదే రాశాడు. ఆ రాసే రెండు రోజుల్లోనూ అక్షరం వంకర అని నేనూ, మీ గోడే వంకర అని అతనూ పోట్లాడుకుని స్నేహితులమయ్యాం. గోడే వంకరని తర్వాత తాపీ మేస్త్రి తేల్చాడు.

రెండువేల మూడులో డాక్టరు ఇక షెడ్డు గడప తొక్కొద్దని జాహిద్‌కు గట్టిగా చెప్పాడు. అప్పటికే సగం పని ఫ్లెక్సీలూ, స్టిక్కర్లూ లాక్కుపోయాయి. మిగిలిన సగం దగ్గు లాక్కుపోయింది. పటమటలో ఇల్లు. భార్య నజీరా బట్టలు కుట్టేది. కూతురు ఇల్మా అప్పుడు పదో తరగతి. ఇంట్లో ఊరికే కూర్చోలేక అతను సిటీ బస్సెక్కి మా కొట్టుకొచ్చి, మూల స్టూలు మీద జేబులో ఇన్‌హేలరుతో కూర్చునేవాడు.

"వార్నిషు వాసన లేకపోతే అన్నం సయించట్లేదు శౌరి గారూ," అన్నాడొకసారి.

"చంపిందే అది. దానికోసం ఏడుపొకటి," అని కసిరాను.

ఒకరోజు ఒక కుర్రాడి కంప్యూటర్ బాగుచేసి, సరిగ్గా నడుస్తోందో లేదో చూద్దామని అందులో ఉన్న విమానం ఆట పెట్టాను. ఇంట్లో కూర్చుని విమానం నడిపే ఆట అది. రన్‌వే, మబ్బులు, మీటర్లు అన్నీ నిజం విమానంలో ఉన్నట్టే ఉంటాయి. జాహిద్ స్టూలు లాక్కుని దగ్గరకొచ్చాడు. మబ్బుల వంక చూడలేదు, మీటర్ల వంక చూడలేదు. విమానం ఒంటి వంకే చూశాడు.

"దీనికి రంగెవరు వేశారండీ?"

"ఆట చేసిన కంపెనీవాళ్ళు. బయటి జనం కూడా వేస్తారు. లివరీ అంటారు దాన్ని. వేసి నెట్‌లో పెడితే నచ్చినవాళ్ళు తెచ్చుకుంటారు."

తెల్ల విమానం ఫైలు ఒకటి తెరిచి చూపించాను. టైలరు చొక్కా కుట్టబోయే ముందు గుడ్డ ముక్కలు బల్ల మీద పరిచినట్టు రెక్కలు ఒకచోట, తోక ఒకచోట, ఒళ్ళు ఒకచోట పరిచి ఉంటాయి. ఆ ముక్కల మీద రంగు వేస్తే ఆటలో విమానానికి చుట్టుకుంటుంది. జాహిద్ చాలాసేపు చూశాడు.

"ఇది వెలిసిపోదా?"

"ఫైలు వెలిసిపోవడమేంటి భాయ్?"

"ఫిట్‌నెస్‌కని ఎవరూ గీకరా?"

"ఎవడు గీకుతాడు! నువ్వూ నేనూ పోయినా అది అట్టాగే ఉంటది."

అప్పుడు అతని గొంతు మారింది. "నా పని అంతా నేనే గీకేశానండీ. షెడ్డు గేటు దగ్గర నిలబడితే నా చేతిది ఒక్కటి కూడా కనపడదు. ఒక్కటి మిగలాలి శౌరి గారూ. ఒకే ఒక్కటి, నా పేరుతో."

ముందు మౌసు పట్టుకోవడం నేర్చుకో, తర్వాత మిగులుద్దువుగాని అన్నాను.

మొదట్లో ఆ మౌసును బ్రష్షు పట్టినట్టు మూడు వేళ్ళతో పైకెత్తి గాల్లో గీసేవాడు. ఇది ఎలక, దీన్ని బల్ల మీద పాకనివ్వాలి, పీక పట్టుకుని లేపకూడదు అని నేను అరిచేవాణ్ణి. అతను నవ్వేవాడు, ఆ నవ్వుకు దగ్గు, దగ్గుకు ఇన్‌హేలరు. అయినా పట్టు వదల్లేదు. నా దగ్గర పడున్న పాత సామానుతో ఒక కంప్యూటర్ కట్టి పటమట పంపించాను.

రెండు ఫ్యాన్ల చిన్న విమానం ఎంచుకున్నాడు. నజీరాది మంగళగిరి. ఆమె పెళ్ళిచీర జరీ అంచును గోడకు మేకులు కొట్టి వేలాడదీసి, అందులోని గోపురాల వరసను విమానం కిటికీల కింద ముక్కు నుంచి తోక దాకా దించాడు. తోక మీద ఆటోనగర్ తామర. ముక్కు మీద, లారీ ముందు అద్దం పైన గీసినట్టే, సన్నటి కనుబొమ్మల్లాంటి రెండు గీతలు. లారీకి కుడిపక్క పువ్వూ ఎడమపక్క పువ్వూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి, ఒకసారి వేసింది మళ్ళీ అచ్చంగా అదే వెయ్యలేనివాడు పెయింటరే కాదు అని అతని ఉస్తాదు నేర్పిన పాఠం. విమానానికీ అదే పాటించాడు. కిటికీల కింద "బెజవాడ" అని రాశాడు. తోక అడుగున, లారీ వెనక మూల రాసినట్టే, చిన్న అక్షరాల్లో "జాహిద్, ఆటోనగర్" అని పెట్టుకున్నాడు.

పూర్తయిన రోజు నేను వాళ్ళింటికెళ్ళి దాన్ని ఆటలో పెట్టాను. ఆ ఆటలో గన్నవరం ఎయిర్‌పోర్టు ఉంది గానీ చుట్టూ మామిడితోటలు లేవు, బోడినేల. ఆ బోడినేల మీంచి బెజవాడ విమానం లేచింది. అంచు మీద ఎండ పడి మెరిసింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. జాహిద్ ఏడవలేదు. గుడ్డ తడిపి తెచ్చి కంప్యూటర్ తెర శుభ్రంగా తుడిచాడు. బండి గేటు దాటేముందు చేసే పని అది.

"షెడ్డులో పెట్టుకుంటే ఎవరు చూస్తారు? ఆడేవాళ్ళందరికీ ఇచ్చెయ్యండి," అన్నాడు. సీడీలు కొట్టి, ఆ ఆట ఆడే మా కొట్టు ఖాతాదారులందరికీ అతని చేతే ఇప్పించాను. ఆ ఒక్క నెలా అతను పెళ్ళికొడుకులా తిరిగాడు.

మరుసటి ఏడు వేసవికి, సీడీ తీసుకున్నవాళ్ళలో ఒకడు, ఫిన్నీ అని ఇంజనీరింగు చదివే కుర్రాడు, పరిగెత్తుకుంటూ కొట్టుకొచ్చాడు. "అంకుల్, పెయింటర్ గారి విమానం నెట్‌లో ఉంది. కానీ పేరు ఆయనది కాదు."

లివరీలు పెట్టే పెద్ద సైటు. అదే అంచు, అదే తామర, అవే కనుబొమ్మలు. "బెజవాడ" ఉన్నచోట ఏదో ఇంగ్లీషు పేరు. తోక అడుగున ఎవడో ఊరూ పేరూ తెలియనివాడి ఇంగ్లీషు సంతకం. కింద దేశదేశాలవాళ్ళ మెప్పులు. నాకు ఒళ్ళు మండిపోయింది. జాహిద్ మాత్రం కళ్ళు చిట్లించి తోక దగ్గర చూశాడు.

"నా పేరు మీద ఎంత నున్నగా పూశాడో చూశారా? పని వచ్చినోడే," అన్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "గీకేశారు గదండీ. ఎవరూ గీకరన్నారు."

ఆ సైటువాళ్ళకు ఇంగ్లీషులో ఇంత పొడుగు ఫిర్యాదు రాశాను. జవాబొచ్చింది. సీడీ తేదీలు ఎవరైనా మార్చుకోవచ్చు, సాక్ష్యం కింద చెల్లవు. అసలు వేసినవాడి దగ్గర కొలతల గీతలతో, పొరలు పొరలుగా ఉన్న పని ఫైలు ఉంటుంది, అది పంపండి, చాలు. నేను ఎగిరి గంతేశాను. దొంగ దగ్గర ఉండనిది అదొక్కటే. అప్పటికప్పుడు పటమట వెళ్ళాను.

"గీతలున్న ఫైలు తియ్యి భాయ్."

"గీతలెందుకుంటాయండీ? తుడిచేశాను గదా."

"తుడిచెయ్యడమేంటి!"

అతను నన్ను వింతగా చూశాడు. లారీ మీద అంచు తిన్నగా రావాలంటే దారాన్ని సుద్దపొడిలో ముంచి, రెండు చివరలా బిగించి పట్టి, లాగి వదులుతారు. గీత పడుతుంది. దాని వెంట రంగు వేస్తారు. అంతా ఆరాక తడిగుడ్డతో సుద్దగీత తుడిచేస్తారు. గీత కనపడేట్టు బండిని బయటికి పంపితే ఆటోనగర్‌లో ఆ పెయింటర్ పరువు పోయినట్టే.

"సుద్దగీతలతో బండిని గేటు దాటిస్తామా శౌరి గారూ? మా ఉస్తాదైతే చెయ్యి విరగ్గొట్టేవాడు. అయిపోయాక గీతల ఫైళ్ళన్నీ తీసేశాను. ఖాళీ చోటు కోసమని హార్డు డిస్కు కూడా శుభ్రం చేయించింది మీరే గదా."

నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. అతను నెత్తి వంచుకుని విన్నాడు. అంతా అయ్యాక, "మళ్ళీ వేస్తాను. ఈసారి గీతలుంచుతాను. ఆ చెయ్యి నాదేనని వాళ్ళకే తెలుస్తది," అన్నాడు.

అప్పటికి మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు వచ్చేసింది. నజీరా నా మీద మండిపడింది. "అన్నయ్యా, మీరు కూడా వంత పాడతారేంటండీ? ఊపిరి ఆడని మనిషి. ఆ బొమ్మ కోసం ప్రాణం మీదకి తెచ్చుకోమంటారా?" వద్దని జాహిద్‌కు చెప్పాను. వినలేదు. ముక్కుకు గొట్టంతో, నాలుగు గీతలు గీసి పడుకుంటూ, లేస్తూ, ఆ వేసవంతా వేశాడు. పెళ్ళిచీర మళ్ళీ గోడెక్కింది. అంచు, తామర, కనుబొమ్మలు, బెజవాడ, తన పేరు. గీతలన్నీ ఉంచాడు. వాటిని చూస్తే ఒళ్ళు జలదరిస్తోంది అనేవాడు, అయినా ఉంచాడు.

పంపించాం. జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చింది చదివి, పటమట వెళ్ళకుండా పారిపోదామనుకున్నాను. కానీ అతను ఎదురుచూస్తున్నాడు. వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను.

"ఏమన్నారు?"

"నీది కాదంటున్నారు."

"ఎందుకంట?"

"రెండు విమానాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశారంట. పేర్లు తప్పిస్తే వెంట్రుకవాసి తేడా లేదంట. మనిషి చెయ్యి ఒకే బొమ్మను రెండుసార్లు అంత అచ్చంగా వెయ్యలేదంట. కాబట్టి వాడిది కింద పెట్టుకుని నువ్వే దించావంట. నీ గీతల ఫైలు తేదీ కూడా వాడు పెట్టినదాని తర్వాతదే గదా అంటున్నారు. ఇకమీద మన పేరు మీద ఏదీ పెట్టనివ్వరంట."

"తేడా లేదన్నారా? మళ్ళీ చెప్పండి."

"వెంట్రుకవాసి కూడా లేదన్నారు."

"సరిగ్గా వచ్చిందన్నమాట," అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గయింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. నజీరా లోపల్నించి పరుగున వచ్చి వీపు రాస్తుంటే, కళ్ళ నీళ్ళు తుడుచుకోకుండా నన్నే చూశాడు. అన్యాయాలు చాలా చూశాను. ఇంత చదువుకున్న అన్యాయం మళ్ళీ చూడలేదు.

మర్నాడు కబురు పెట్టి నా దగ్గరున్న సీడీ తెప్పించుకున్నాడు. దాన్ని మేకుతో గీకేశాడు. కంప్యూటర్‌లో ఉన్న రెండు విమానాలూ చెరిపేశాడు. "దొంగసొత్తని పేరు పడ్డాక ఇంట్లో ఉండకూడదండీ. ఆడపిల్ల ఉన్న ఇల్లు," అన్నాడు. చెరిపేసి, అలవాటు కొద్దీ తడిగుడ్డతో తెర తుడిచాడు. ఆ వానాకాలం దాటలేదు. కాలవల్లో నీళ్ళు నిండుగా పారుతున్నప్పుడు పోయాడు.

ఇంటిపట్టునే ఉండాల్సిన నాలుగు నెలల పది రోజుల ఇద్దత్తు గడువు ముగిశాక నజీరా, ఇల్మాను వెంటబెట్టుకుని మా కొట్టుకొచ్చింది. మొగుడి చావు తర్వాత ఆమె గడప దాటడం అదే మొదటిసారి.

"అన్నయ్యా, ఆయన వేసిన విమానం ఒక్కసారి చూపించండి. బతికుండగా కోపంతో నేను సరిగ్గా చూడనే లేదు."

నేనేం చూపించను? ఫిన్నీతో సహా సీడీలు తీసుకున్న ఒక్కడూ దాచలేదు, సైటుకు పంపిన ఫైలు నకలు నేనూ ఉంచుకోలేదు. ఉన్నది సైటులోనే. అదే తెచ్చి ఆటలో పెట్టాను. విమానం గన్నవరం బోడినేల మీద నిలబడింది. "బెజవాడ" ఉన్నచోట ఇంగ్లీషు పేరు. తోక అడుగున ఆ దొంగ సంతకం.

నజీరాకు ఉర్దూ చదవడం వచ్చు, కొంచెం తెలుగు వచ్చు. ఇంగ్లీషు రాదు. అంచును చూడగానే గుర్తుపట్టింది. "నా పెళ్ళిచీర," అని వేలు పెట్టి ముక్కు నుంచి తోక దాకా నిమిరింది. వేలు తోక అడుగున ఆగింది.

"ఇక్కడ రాసింది ఆయన పేరేనా అన్నయ్యా?"

ఊరంతటినీ తిట్టగలిగే నేను ఇల్మా వంక చూశాను. ఇల్మా తెర వంక చూసింది. దానికి ఇంగ్లీషు బాగా వచ్చు. ఆ పేరు చదివింది. చదివినట్టు నాకు తెలిసింది.

"హా అమ్మీ," అంది వాళ్ళ ఉర్దూలో. "అబ్బా పేరే."

మా కొట్టులో దుమ్ము ఎక్కువ. నజీరా కొంగు చివర తీసుకుని, ఆ పేరున్న చోట తెర మీది దుమ్మును మెల్లగా తుడిచింది. దుమ్ము పోయి ఆ పేరు ఇంకా బాగా కనపడింది.