చిన్నమ్మ ఊపిరి

మా చిన్నమ్మకు ఒక అలవాటు ఉండేది. ఫోన్ మోగినా, వాకిట్లో ఎవరైనా గొంతు పెంచినా వెంటనే బదులిచ్చేది కాదు. ముక్కుతో గాలి పీల్చి, వేడి కాఫీని ఊదినట్టు మెల్లగా వదిలేది. ఆ తర్వాతే మాట్లాడేది. ఆమెకు కంగారు అనేదే తెలియదని మేం పిల్లలం అనుకునేవాళ్ళం.

నేను స్కూటర్ నేర్చుకున్న కొత్తలో ఆమెను వెనక కూర్చోబెట్టుకుని పుదుచ్చేరి నుంచి కిరుమాంబాక్కం బయలుదేరాను. మురుంగపాక్కం దాటకముందే ఒక లారీ మమ్మల్ని దాదాపు రాసుకుంటూ దూసుకుపోయింది. బండి పక్కకు తీసి ఆపేశాను. ఊపిరి అందలేదు.

చిన్నమ్మ దిగి నా ముందు నిలబడింది. “నా మొగం చూడు. గాలి పీల్చు. వదిలేటప్పుడు మాత్రం నిదానంగా వదులు,” అని తానూ నాతో పాటు ఊదింది. కాసేపటికి నా ఊపిరి కుదుటపడింది.

“నీకు భయం కాలేదా చిన్నమ్మా?”

“కాకుండా యాడికి పోతాది?” అంటూ తన అరచెయ్యి నా చేతిలో పెట్టింది. అది చల్లగా, చెమటతో తడిసి ఉంది. “నాకు చిన్నప్పట్నించీ ఇంతే. భయం ఉంటే ఉండనీ. ఊపిరిని మాత్రం దాని ఇష్టానికి వదల్ను.”

అంతలో కిరుమాంబాక్కం మీదుగా పోయే కడలూరు బస్సు వచ్చి పక్కనే ఆగింది. “నువ్వు దాంట్లో పో చిన్నమ్మా, నేను వెనకాల వస్తా,” అన్నాను.

“నువ్వు బండి తియ్యి,” అంది.

బస్సు వెళ్ళిపోయింది. ఆమె కుచ్చెళ్ళు సర్దుకుని నా వెనక కూర్చుంది.