కండెచేపల అప్పగింత

ఎమ్మిగనూరు పక్కన మా ఊరి చెరువులో కండెచేపలుండేవి. మగ్గం నాడెలో పెట్టే నూలు కండె అంతే ఉంటాయి, ఒంటిమీద సన్నటి ఎర్రచార. మరే చెరువులోనూ వాటిని చూశామన్నవాళ్లు లేరు. కూరకు పనికిరావు, అంతా ముల్లే. అయినా మా నేతగాళ్ల వీధికి అవంటే మహా గారాబం.

ఎండాకాలం చెరువు అడుగంటితే, ప్రతి ఇంటివాళ్లూ దోసెడు చేపలు తెచ్చి, నూలు నానబెట్టే రాతితొట్టి ఒకటి ఖాళీచేసి అందులో పెంచేవాళ్లు. చెరువుకు కొత్తనీళ్లు చేరాక ఆడవాళ్లు పసుపు కుంకుమలతో పోయి, చేపల్ని నీళ్లలో వదిలి గంగమ్మకు అప్పగించేవాళ్లు. ఒక్కటి కూడా ఇంట్లో ఉంచుకోకూడదు. ఇన్ని కరువులు దాటి ఆ చేపలు బతికింది ఈ పద్ధతి వల్లనే.

తర్వాత పవర్‌లూములు వచ్చాయి. తొట్లు పగలగొట్టి బాత్రూములు కట్టుకున్నారు, రంగునీళ్లను చెరువులోకి తిప్పారు. పోయిన వేసవిలో చెరువు నెర్రెలిచ్చేనాటికి మా అమ్మ తొట్టి ఒక్కటే మిగిలింది. లోకంలో ఉన్న కండెచేపలన్నీ మా పెరట్లోనే ఉన్నాయని నేను వేళాకోళం చేసేదాన్ని. అమ్మ నవ్వి, నాలుగు మెతుకులు పట్టుకుని నీళ్లలో చెయ్యి పెట్టేది. అవి వేళ్లచుట్టూ మూగేవి.

వానలు బాగా పడ్డాయి. మోకాళ్ల నొప్పుల వల్ల అమ్మ అప్పగింతను కార్తీకం దాకా జరిపింది. ఆలోగా చెరువును పాటకు తీసుకున్నతను చిన్నచేపల్ని మింగే క్యాట్‌ఫిష్‌లు వదిలి పెంచుతున్నాడు. రోజూ చెరువు మెట్ల దగ్గర వాటికి కోళ్ల అంగడి చెత్త వేస్తాడట. ఆ మాట వినగానే నేనుండే ఆదోని నుంచి వచ్చి, కొన్నయినా తొట్టిలో ఉంచమని బతిమాలాను.

"గంగమ్మ చెరువు నిండా ఇచ్చినాంక మనం దాసిపెట్టుకుంటామా పాపా? తప్పు" అంది. ఆమె మొండితనం ముందు నేనెప్పుడు గెలిచాను గనక.

అమ్మ మెట్లు దిగి మోకాటిలోతు నీళ్లలో నిలబడి చేపల బిందె వంచింది. చేపలు లోపలికి పోలేదు. మెతుకుల కోసం ఆమె కాళ్లచుట్టూనే తిరిగాయి. మెట్ల దగ్గర నీళ్లు కదిలితే మేత అని నేర్చుకున్న క్యాట్‌ఫిష్‌లు కూడా అక్కడికే వచ్చాయి. నీళ్లు కుతకుతలాడాయి. అమ్మ ఖాళీ బిందెతో నీళ్లను బాదుతూనే ఉంది. కాసేపటికి ఎర్రచార ఒక్కటీ కనిపించలేదు. ఆమెను చెయ్యి పట్టి గట్టుకు లాగాను.

"లోపలికి పోకుండా నా తావే నిలిచినాయి పాపా. నన్ను నమ్ముకోని నిలిచినాయి" అంది. అమ్మకు ఏడుపు ఆగలేదు.

వీధి మొదట్లో పక్కింటామె ఎదురై, అప్పగించి వస్తిరా అక్కా అని పలకరించింది.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"అప్పగించినా. ఒగటి గూడా ఉంచుకోలేదు."