తొక్కి చూడని రెండు రోజులు

“...తొక్కకపోతే ఏం, కూర్చుంటే చాలదూ? దిగండి ముందు,” అంది భార్య.

“సీటు ఎత్తు చూస్తున్నానంతే.”

“మీ మాట నేను నమ్మాలి. ఆ రోజు ల్యాబుకి నడిచే వెళ్లానన్నారు.”

సైకిల్ మేస్త్రి దిగాడు. మీసం మొలిచినప్పటి నుంచి తాను బాగుచేసిన ఏ సైకిల్‌నీ తొక్కి చూడకుండా ఇచ్చిన మనిషి కాదాయన. వీధి మలుపు దాకా వెళ్లి, చేతులు వదిలేసి వెనక్కి వస్తాడు. బండి ఒక పక్కకి లాగితే మళ్లీ విప్పుతాడు.

మొదటి పరీక్ష రోజు పొద్దున కూడా వరసగా నాలుగైదు తొక్కి, చివరిదాని మీదే ల్యాబుకి వెళ్లాడు. ప్రొస్టేట్ కోసం చేసే ఆ రక్తపరీక్షలో, నాలుగు లోపు ఉండాల్సిన పీఎస్‌ఏ ఆరు దాటింది. కాగితం మీద అంకె పక్కన పైకి చూసే బాణం గుర్తు. ఆయన దాన్ని క్యాన్సరనే అనుకున్నాడు. డాక్టర్ని అడగకుండానే పక్కనున్న టైర్ల షాపతని దగ్గరికి వెళ్లి, “కొట్టు కావాలన్నావుగా, తీసుకో” అనేశాడు.

భార్య ఊరుకోలేదు. డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

“ఒక్క అంకెని బట్టి క్యాన్సర్ ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం,” అంది డాక్టరమ్మ. “వయసుతో ప్రొస్టేట్ గ్రంథి ఉబ్బినా ఇది పెరుగుతుంది. ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. ఇంతకీ మీరేం పని చేస్తారు?”

చెప్పాడు. ఆవిడ పెన్ను పక్కన పెట్టింది.

“సీటు ఒత్తిడికి కూడా కొంత పెరగొచ్చు. కొన్ని వారాలాగి మళ్లీ చేయిద్దాం. పరీక్షకి ముందు రెండు రోజులు సైకిల్ జోలికి వెళ్లకండి.”

“వెళ్లకపోతే తిండెలాగమ్మా?”

“సరే, వెళ్లండి. ఎక్కకండి.”

ఆ రెండు రోజుల్లో ఇది మొదటిది. సైకిల్ తాలూకు మనిషి వచ్చే వేళైంది. మేస్త్రి హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. తొక్కి చూడనిది ఇవ్వడానికి మనసొప్పడం లేదు.

భార్య ఆయన చేతిలోంచి సైకిల్ అందుకుంది. “మలుపు దాకానే కదా?”

“చేతులు మాత్రం వదలకు.”

“నాకేమన్నా పిచ్చా?”

వెళ్లి వచ్చింది. “బాగానే ఉంది. వెనక బ్రేకు వేస్తే మాత్రం పిల్లి పీక నొక్కినట్టుంది.”

ఆయన చక్రం తిప్పి బ్రేకు నొక్కాడు. నిజమే. రబ్బరు మార్చాడు.

రెండోసారి అంకె నాలుగుకి కాస్త పైన ఆగింది. డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది.

“తగ్గింది, మంచిదే. గ్రంథి ఉబ్బింది కానీ చేత్తో చూసినప్పుడు గట్టిగా ఏమీ తగల్లేదు. అలాగని మర్చిపోయే అంకె కాదు. మూడు నెలలకి మళ్లీ చూద్దాం. అప్పటికి పెరిగితే స్కాన్ చేయిద్దాం.”

“అంటే, ఉన్నట్టా లేనట్టా?”

“ఇప్పటికైతే కంగారు పడక్కర్లేదు. పరీక్ష మాత్రం మానకూడదు.”

ఇద్దరూ నడిచే వచ్చారు. టైర్ల షాపతను మేస్త్రి కొట్టు గుమ్మంలో టేపు పరిచి వెడల్పు కొలుస్తున్నాడు. వీళ్లని చూసి తడబడుతూ లేచాడు.

“ఏమన్నారన్నా?”

“టేపు చుట్టెయ్, తమ్ముడూ,” అన్నాడు మేస్త్రి. “కొట్టు ఇవ్వడం లేదు. పరీక్షకి ముందు రెండు రోజులు మాత్రం మీ వదిన తొక్కి చూస్తుంది.”