కాస్పర్ పట్టుకున్న కొస

దండు ఊరు సిదీ బెల్ అబ్బెస్‌లో వెండెలిన్ సార్జెంటును ఎరగనివాళ్లు లేరు. దేశదేశాల సిపాయిలుండే లెజియన్ దళంలో చేరి టోంకిన్ అడవుల్లో పోరాడినవాడు, మొరాకో ఇసుకను కాలినడకన దాటినవాడు, రెండు పతకాలు పొందినవాడు. అంతటివాణ్ని టాకీవాళ్లు పిలిచి ముసలి సార్జెంటు వేషం ఇచ్చారు. మొగుడి గొంతు తెర మీద వినబోతున్నామని భార్య రెమెడియోస్ ఊరంతా చాటింది.

కథలో ఇద్దరు సిపాయిలు, ఒక పాటగత్తె. మొదటిరోజే కథానాయకుడు లెజియన్ దుస్తుల మీది నీలి నడికట్టు ఒక్కడే చుట్టుకుని చిటికెలో బయటికొచ్చాడు. వెండెలిన్‌కు ఒళ్లు మండింది.

"ఏం బాబూ, మెడకి రుమాలనుకున్నావా? రెండు బారలకి పైబడ్డ గుడ్డ! తోటివాడు కొస లాగిపట్టుకుంటే నువ్వు బొంగరంలా తిరుగుతూ చుట్టుకోవాలి."

"తాతా, జనం వచ్చేది పిల్లని చూడ్డానికి, నడికట్టుని కాదు," అని దర్శకుడు నవ్వాడు. "నీ మాట నువ్వు చెప్పు, చాలు."

ఆ మాట ఇది: 'ఆడది అడ్డొస్తే లెజియన్‌వాడు తోటివాణ్ని వీపులో కాలుస్తాడు.'

వీపులోనా? క్యాంటీనులో సూపు వడ్డించే రెమెడియోస్ కోసం, దళంలో ఉన్న రోజుల్లో, వెండెలిన్, తోటి సిపాయి స్విస్ కాస్పర్ ఒక వేసవంతా మాటలు మానేశారు. అయినా ప్రతి పొద్దునా కొస పట్టింది కాస్పరే. వదిలేస్తే వెండెలిన్ అధికారి ముందు నవ్వులపాలయ్యేవాడు. వదల్లేదు. ఆమె వెండెలిన్‌కు సరేనన్న మర్నాడు మాత్రం ఊపిరాడనంతగా బిగించాడు.

"ఎలా ఉంది, పెళ్లికొడకా?"

ఆ కాస్పర్ మొరాకో ఇసుకలోనే ఒరిగిపోయాడు.

షూటింగులో వెండెలిన్ వంతు వచ్చింది. లాంతరులో మైకు దాచారు. అందరూ నోళ్లు మూశారు. వెండెలిన్ గొంతు సవరించుకున్నాడు. "లెజియన్‌లో అలా కాల్చినవాణ్ని నేను చూళ్లేదు. నాతో పోటీపడ్డవాడు రోజూ నా నడికట్టు కొస పట్టాడు. రాసుకోండి!"

"ఆపండి!" అని దర్శకుడు అరిచాడు. వేషం రొట్టెల దుకాణంవాడికి పోయింది. తుపాకి పట్టి ఎరగడు వాడు!

"ఇక నా మొహం ఎక్కడ పెట్టుకోనయ్యా?" అని రెమెడియోస్ విరుచుకుపడింది. తనచేత అనిపించబోయిన మాటేమిటో వెండెలిన్ చెప్పాడు. ఆమె గరిటె కింద పెట్టేసింది.

"కాస్పర్‌నా అంత మాటన్నారు?"

టాకీ ఊళ్లోకి వచ్చిన రోజు వెండెలిన్ పాత దుస్తులు తీశాడు. నడికట్టు కొస రెమెడియోస్ పట్టింది.

"ఇంకా లాగవే! హాలు గుమ్మంలో నిలబడి ఆ మాట అబద్ధమని అరవాలి. మధ్యలో కట్టు జారకూడదు."

ఆమె కాలు గోడకు తన్నిపెట్టి లాగింది.

"ఎలా ఉంది, పెళ్లికొడకా?"