టైమింగ్ కవర్ మీద పౌడరు

తాడేపల్లిగూడెంలో పాత కార్ల సంగతి ఏసుబాబుకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఈ ముక్క అందరికన్నా బాగా ఏసుబాబుకే తెలుసు, వచ్చిన చిక్కల్లా అదే. బానెట్ ఎత్తకముందే జబ్బు చెప్పేసేవాడు. చాలాసార్లు అది నిజమయ్యేది కూడా, దాంతో జనం అతని నోటిమాటకి అలవాటు పడిపోయారు.

నిరుడు క్రిస్మస్ ముందు ఓ ఆదివారం చర్చి ఆవరణలో ఆనంద్ పాల్ మాస్టారి పాత కారు కింద, కొత్తగా వేసిన సిమెంటు మీద, ఆయిల్ మరక పడింది. ఆ ఇంజను విప్పి బిగించింది పేతురు. ఏసుబాబు దగ్గర పని నేర్చుకుని, పక్క వీధిలో సొంతంగా షెడ్డు పెట్టుకున్నవాడు. ఏసుబాబు వంగి చూడనైనా లేదు.

"ప్యాకింగ్ కూర్చోబెట్టడం రాని చేతికి ఇంజను అప్పగిస్తే ఇంతేనండి మాస్టారూ" అనేశాడు.

అందరూ నవ్వారు. పేతురు, అతని భార్య విక్టోరియా అక్కడే ఉన్నారు.

ఆ మాట ఊళ్లో పాకింది. పేతురు దగ్గరికి బండ్లు రావడం మానేశాయి. వేసవి వచ్చేసరికి అతను షెడ్డు మూసేసి, ఆకివీడు వైపు చేపల చెరువుల మీద నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ మోటార్లు బాగుచేసే పనిలో చేరాడు. ఏసుబాబుకి చీమ కుట్టినట్టయినా లేదు.

తర్వాత మాస్టారి కారు ఏసుబాబు షెడ్డుకే వచ్చింది. ఇంజను ముందు చెయిన్‌ని కప్పి ఉండే అల్యూమినియం మూత, అదే టైమింగ్ కవర్, విప్పాడు. కింద ఆయిల్ కారకుండా పేతురు వేసిన ప్యాకింగ్ అంచు తప్పకుండా చక్కగా కూర్చుని ఉంది. చూశాడు. చూసి కూడా, కిక్కురుమనకుండా చెత్తలో పడేసి కొత్తది వేశాడు. కారు మళ్లీ కారింది. ఇంకో ప్యాకింగ్ మార్చాడు. మళ్లీ కారింది.

ఇక అప్పుడు, మొదటిరోజే చెయ్యాల్సిన పని చేశాడు. కవర్‌ని శుభ్రంగా తుడిచి, ఇంట్లోంచి పౌడరు డబ్బా తెచ్చి దానిమీద చల్లి, ఇంజను నడిపించాడు. అంచుల దగ్గర పౌడరు తెల్లగానే ఉంది. మూత నడిమధ్యన మాత్రం చిన్న చిన్న నల్లచుక్కలు తేలాయి. పోత పోసినప్పుడే లోహంలో కంటికి ఆనని బెజ్జాలు మిగిలిపోయాయి. ఇంజను వేడెక్కినప్పుడల్లా వాటిలోంచి ఆయిల్ ఊరుతోంది. ప్యాకింగ్‌కీ దీనికీ సంబంధమే లేదు. ఏసుబాబుకి తల కొట్టేసినట్టయింది.

కవర్‌ని విప్పి, పెట్రోలుతో కడిగి వేడి చేశాడు. లోపల దాగిన ఆయిల్ చెమటలా బయటికొచ్చింది. మళ్లీ కడిగాడు, మళ్లీ వేడి చేశాడు. ఇక రావడం లేదనుకున్నాక లోపలివైపు బెజ్జాలు పూడ్చే ఎపాక్సీ పూత పూసి ఆరబెట్టాడు. పోతకి మందు దొరికింది. తను అన్న మాటకి ఏం పుయ్యాలో తోచక, బస్సెక్కి ఆకివీడు వెళ్లాడు.

చెరువు గట్టు మీద పేతురు మోటారు విప్పుకుంటున్నాడు. ఏసుబాబు నీళ్లు నములుతూనే జరిగిందంతా చెప్పాడు, ప్యాకింగ్ చెత్తలో పడేసిన సంగతితో సహా. పేతురు తలెత్తలేదు. విక్టోరియానే నోరు విప్పింది.

"బావగారండీ, అప్పుడు చర్చి దగ్గర అందరి ముందూ అన్నారు కదండీ. ఇక్కడ వినేవాళ్లెవరున్నారండీ?"



మరుసటి ఆదివారం ప్రార్థన అయ్యాక, పేతురు, విక్టోరియా కూడా వింటుండగా, అదే సిమెంటు మీద నిలబడి, తను చూడకుండా కూశానని, పేతురు పనిలో ఏ లోపమూ లేదని చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు, నవ్వినా బాగుండుననిపించింది. తర్వాత పేతుర్ని, మాస్టార్ని తన షెడ్డుకి తీసుకెళ్లి, కవర్‌నీ కొత్త ప్యాకింగ్‌నీ పేతురు చేతికే ఇచ్చాడు.

పేతురు నెమ్మదిగా బిగించాడు. ఇంజను నడిచింది. ఎక్కడా తడి లేదు. మాస్టారు మెచ్చుకుంటూ పేతురు భుజం తట్టారు. ఏసుబాబు హమ్మయ్య అనుకోబోయాడు.

పేతురు చేతులు తుడుచుకుని, ఒకడుగు వెనక్కి వేసి, చిన్నగా అడిగాడు. "అన్నయ్యా, ప్యాకింగ్ సరిగ్గానే కూర్చుందంటారా? మీరోసారి చూడండి."