ఆదివారం దాకా ఆగిన పరీక్ష

కిందటి నెల నాకు అజీర్తి చేసి, ఖమ్మంలో డాక్టరు మలపరీక్ష రాస్తే, ఆ డబ్బా నా కోడలే తీసుకెళ్లి ఇచ్చి వచ్చింది. మొహం చిట్లించకుండా ఆమె చెప్పులు వేసుకుంటూ ఉంటే నాకు దుమ్ముగూడెం అవతలి పల్లెలో ఒక అత్త గుర్తొచ్చింది.

ఎనభైల్లో మాట. నాకప్పుడు ముప్ఫై ఒకటి దాటి రెండు నెలలు. తల్లాడ నుంచి వచ్చి భద్రాచలంలో నర్సుగా చేస్తున్నాను. అడవి పల్లెల్లో కడుపునొప్పులు ఎందుకు వస్తున్నాయో తేల్చాలని ఒక యువ డాక్టరు పరిశోధనకు వచ్చాడు. మైక్రోస్కోపు ఆయనది, నోటుపుస్తకం నాది. మంగళవారం ఇంటింటికీ పేర్లు రాసిన డబ్బాలు పంచి, బుధవారం పొద్దున్నే తిరిగి తీసుకుని, తేదీ వేసి సంతకం పెట్టడం నా పని.

ఆ పల్లెలో ఇరవై ఏళ్ల కోడలు ఒకతె పాలిపోయి, పొట్ట పట్టుకుని, నీళ్ల బిందె ఎత్తబోయి కూలబడేది. ఆమె డబ్బా కోసమే డాక్టరు ఎక్కువగా ఎదురుచూశాడు. తీరా చూస్తే అందులో ఒక్క పురుగు గుడ్డూ లేదు. అయితే కడుపులో పుండే అయి ఉంటుందని, దానికి మాత్రలు పంపాడు.

శనివారం పొద్దున నోటుపుస్తకంలోని లెక్కలు సాపు రాస్తూ నేను ఆగిపోయాను. మంగళవారం నాడు ఆమె పేరు పక్కన "బయట ఉంది" అని నేనే రాసుకున్నాను. వాళ్ల ఆచారంలో నెలసరి అయిదు రోజులూ ఆడవాళ్లు ఊరి చివరి గుడిసెలో ఉంటారు, వాళ్లు ముట్టినది ఏదీ ఇంట్లోకి రాదు. మరి బుధవారం గడపలో నిలబడి అత్త నా చేతికిచ్చిన డబ్బా ఎవరిది? అడగకుండా సంతకం పెట్టాను. భయపడుతూనే డాక్టరుకు చెప్పాను. ఆయన వెంటనే జీపు తీయించాడు.

అత్త దాచలేదు. "నాదే ఇచ్చిన సిస్టరమ్మా. డబ్బా ఖాళీగిస్తే దాని పేరు కొట్టేస్తరని భయమైంది. ఒక్క కుండల కూడే తింటున్నం గద, నాదైతేంది, దానిదైతేంది?"

"నీ కడుపు మంచిగనే ఉందవ్వా, అది తేలింది," అన్నాడు డాక్టరు నవ్వు ఆపుకుంటూ.

"నాకేమైంది, రాళ్లు తిన్నా అరుగుతయి. పిల్లను చూడు సారూ."

ఎలాగూ వచ్చాం, గుడిసె దగ్గరికే వెళ్లి తీసుకుందామని నేను తొందరపెట్టాను. దూరంగా గుడిసె ముందు నిలబడి మమ్మల్నే చూస్తున్న ఆ పిల్ల తల దించుకుంది. ఆయన వద్దన్నాడు. తలస్నానం రేపే కదా అని బడి వరండాలో ఉండిపోయాడు.

ఆదివారం తడి జుట్టుతో ఆ పిల్లే డబ్బా తెచ్చింది, మీద టేకాకు కప్పి. అందులో రక్తం పీల్చే కొంకిపురుగు గుడ్లు లెక్కకు మించి కనిపించాయి. పుండు మాత్రలు ఆపి, పురుగుల మందు, మూడు నెలలు రక్తం పట్టే మాత్రలు ఇచ్చాం. పన్నెండో మంగళవారం మేం వెళ్లేసరికి ఆమె నెత్తిన నిండు బిందె ఉంది. అత్త ఉత్త చేతులతో వెనకాలే నడుస్తూ, మాకు చూపించడానికే కోడలిని మా జీపు చుట్టూ తిప్పి తీసుకుపోయింది.

ఇప్పుడు ఆ పల్లెకు తారురోడ్డు పడింది. చాలా ఊళ్లలో ఆ గుడిసెలూ పోయాయి, అదీ మంచికే. పరీక్షలు గంటల్లో తేలుతున్నాయి. కానీ రిటైరయ్యే దాకా ఎందరు డాక్టర్ల దగ్గర చేసినా, ఒక పిల్ల సిగ్గు కోసం రోజంతా ఆగినవాళ్లను నేను మళ్లీ చూడలేదు. నేను మాత్రం ఏం మెరుగు? నోటుపుస్తకంలో ఆ శనివారం పక్కన నా చేతిరాతే ఉంది: "పని జరగలేదు."