మా తమ్ముడు ఒప్పుకున్న సంగతి

మా తమ్ముణ్ణి మట్టి చేసిన మర్నాడు, ఆదివారం, చర్చిలో సంఘం ముందు ఒక్కొక్కరే లేచి వాడి గురించి మాట్లాడారు. ఒకాయన, "తన మంచి పనులతో పరలోకం సంపాదించుకున్నాడు" అన్నాడు. వెనక బెంచీలో ఇంకొకాయన పక్కవాడి చెవిలో, "పిచ్చిమాలోకం, ఉన్న ఉద్యోగం చేతులారా పోగొట్టుకున్నాడు" అన్నాడు. నాకు మోకాళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు. రెండూ విన్నాను, రెండూ తప్పే. నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు వంకరగా ఉంటే ఉంటాయి. విషయం మాత్రం తిన్నగా చెప్తాను.

ఆస్పత్రి వెనక, శవాల గదికీ వంటగదికీ మధ్యలో ఉతుకుల గది. వాడు ముప్పై ఒక్క ఏళ్ళు అందులోనే పనిచేశాడు. దుప్పట్లు, ఆపరేషను గౌన్లు, పసిపిల్లల పొత్తిగుడ్డలు, అన్నీ వాడి చేతుల మీదుగానే వెళ్ళేవి. ఒంటికి ఎప్పుడూ బ్లీచింగు పొడి వాసన. అందుకని ఆస్పత్రి ఆస్పత్రంతా వాణ్ణి 'బ్లీచింగు' అనే పిలిచేది. పెళ్ళినాడు సెంటు సీసా మొత్తం ఒంపుకున్నా ఆ వాసన పోలేదని మా మరదలు ఇప్పటికీ దెప్పుతుంది. రక్తం మరక చన్నీళ్ళకే వదులుతుంది, వేణ్ణీళ్ళు తగిలాయంటే గుడ్డని పట్టేసుకుంటుంది అని కొత్తగా చేరినవాళ్ళకి నేర్పేది వాడే. నేను అదే ఆస్పత్రిలో కాన్పుల వార్డు ఆయాని. మా ఆయన పోయాక తమ్ముడి వాళ్ళ క్వార్టరులోనే ఉన్నాను. ఉన్నవి రెండు గదులు, ముందు గదిలో నా మంచం.

నేను యాభై ఏళ్ళుగా గుడికి వెళ్తున్నదాన్ని. రెండో బెంచీ, గోడవార చోటు నాది. ఎవరైనా తెలియక కూర్చుంటే నా చూపుకే లేచిపోతారు. వాడు మాత్రం నన్ను గేటు దాకా దింపి వెనక్కి తిరిగేవాడు. "నీ దేవుడు నీకు, నా మిషన్లు నాకు అక్కా" అనేవాడు.

ఆ గదిలో తడిగుడ్డలు పిండే మిషను ఒకటి ఉండేది. బావి అంత డ్రమ్ము, మీద ఇనప మూత. మూతకి ఒక గొళ్ళెం. డ్రమ్ము పూర్తిగా ఆగితే గానీ ఆ గొళ్ళెం వదలదు, మూత లేవదు. ఆగడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. పైనుంచేమో వార్డులవాళ్ళు దుప్పట్లు, దుప్పట్లు అని ప్రాణం తీసేవాళ్ళు. మావాడు గొళ్ళేన్ని తీగతో వెనక్కి కట్టేశాడు. డ్రమ్ము తిరుగుతుండగానే మూత లేపేవాడు. ఫిట్టరు మిషన్లు చూడ్డానికి వచ్చే సోమవారాలు మాత్రం తీగ విప్పి, అతను వెళ్ళాక మళ్ళీ కట్టేవాడు. ఇలా ఎన్నాళ్ళ నుంచో వాడికే గుర్తులేదు. ఒకరోజు మధ్యాహ్నం, గుడ్డలు మడతపెట్టే ఆవిడ, ముగ్గురు పిల్లల తల్లి, ఆగిందనుకుని చెయ్యి లోపల పెట్టింది.

మోచేతి దాకా పోయింది.

అందరూ ఆవిణ్ణి ఎత్తుకుని పరిగెత్తారు. వీడు వెనక ఉండి తీగ విప్పి జేబులో వేసుకున్నాడు. విచారణకి వచ్చినవాళ్ళు చూస్తే, తీగ లాగుడుకి వంగి, గొళ్ళెం వదులుగా ఉంది. మిషన్లన్నీ సరిగా ఉన్నాయని ఆ వారం సోమవారమే పుస్తకంలో సంతకం పెట్టింది ఫిట్టరు. ఇంకేం కావాలి? చూడకుండా సంతకం పెట్టాడన్నారు. పదిహేను రోజుల్లో ఫిట్టరుని ఇంటికి పంపేశారు.

ఆవిడ చెయ్యి పోయిన సాయంత్రమే తమ్ముడు నా మంచం మీద కూర్చుని ఆ తీగముక్క చూపించాడు. "అక్కా, నేనే కట్టాను" అన్నాడు. నేనేమన్నానో చెప్పనా? "నోరు మూసుకో. ఆ తీగ మురిక్కాలవలో పారేసి అన్నానికి రా" అన్నాను. రెండో బెంచీలో కూర్చునే మనిషినే ఆ మాట అన్నాను.

పదకొండేళ్ళు ఆ సంగతి మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది. మరదలికి కూడా తెలియదు.

మా పాస్టరుగారు బుధవారాల్లో వార్డులకి వచ్చి రోగుల దగ్గర ప్రార్థన చేసేవారు. ఒక బుధవారం ఆయన ప్రభువు పక్కన సిలువ వేసిన దొంగ గురించి చెప్తున్నారు. వీడు మాసిన దుప్పట్ల బండి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అంతా అయ్యాక, "ఒక్క మంచి పని కూడా చెయ్యకుండానే ఆ దొంగని పరలోకంలో చేర్చుకున్నాడాండీ?" అని అడిగాడు.

"చెయ్యడానికి చేతులు ఖాళీగా ఎక్కడున్నాయన్నా? మేకులు కొట్టి ఉన్నాయిగా. నమ్మాడు, అడిగాడు, అంతే."

వాడు ఆ రోజు బండి అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాడు. ముప్పై ఏళ్ళలో పని వదిలి రావడం అదే మొదలు. తర్వాత ఆదివారం గేటు దగ్గర ఆగలేదు. నా వెనకే వచ్చి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. ఆరు నెలలకి బాప్తిస్మం కావాలన్నాడు. నా ఆనందం ఇంతా అంతా కాదు. నా ప్రార్థనే ఫలించిందని కనపడినవాళ్ళందరికీ చెప్పుకున్నాను.

బాప్తిస్మానికి ముందు పాస్టరుగారు కూర్చోబెట్టి అడుగుతారు. క్రీస్తు దేవుని కుమారుడని నమ్ముతున్నావా? నీ పాపాల కోసం చనిపోయి మూడో రోజున లేచాడని నమ్ముతున్నావా? అన్నిటికీ నమ్ముతున్నానన్నాడు. ఆయన్ని వెంబడిస్తావా అని అడిగేసరికి మాత్రం ఆగాడు.

"వెంబడించడమంటే ఏం చెయ్యాలండీ?"

"నీ సొంత ఇష్టాన్ని పక్కన పెట్టి, రోజూ నీ సిలువ నువ్వు ఎత్తుకుని ఆయన వెనక నడవడం."

ఇంటికి వచ్చి, "ముందు ఫిట్టరు దగ్గరికి వెళ్ళాలి" అన్నాడు. మరదలికి అప్పుడు చెప్పాడు మొత్తం. ఆవిడ బియ్యం చేట కింద పెట్టి గోడకి ఆనుకుంది.

నేను ఊరుకుంటానా? "ఒరేయ్, ప్రభువు నీ పాపాన్ని సముద్రం అడుగున పారేశాడని ఆదివారమేగా విన్నావు? నువ్వెందుకురా గాలం వేసి పైకి లాగుతావు?" అన్నాను.

"ఆయన పారేశాడక్కా. ఫిట్టరు మాత్రం ఇంకా మోస్తున్నాడు. అది నాది. అతనెందుకు మొయ్యాలి?"

"క్వార్టరు పోతుంది వదినా, మీరైనా చెప్పండి" అని మరదలు ఏడ్చింది. చెప్పాను. పాస్టరుగారి చేత కూడా చెప్పిద్దామని పిలిపించాను. ఆయన నిజం చెప్పే మనిషి, అదే నా ఖర్మ. "అన్నా, ఇది రక్షణకి వెల అనుకోకు. వెల ప్రభువే ఇచ్చేశాడు. ఈ రాత్రి నువ్వు చనిపోయినా ఆయన వాడివే" అన్నారు.

"వెల కాదని తెలుసండీ. కానీ దొంగిలించిన గొడుగు చంకలో పెట్టుకుని ఆయన వెనక ఎలా నడవను?"

పాస్టరుగారు తల దించుకుని, "నేను కూడా రానా?" అని మాత్రం అడిగారు. వద్దన్నాడు. నేను వెళ్ళాను. వాడు మరీ ఎక్కువ చెప్పకుండా చూద్దామని వెళ్ళాను, వాడికి తోడుగా కాదు.

ఫిట్టరు బస్సుల షెడ్డు పక్కన తాళాలు, స్టవ్వులు బాగుచేస్తున్నాడు. ఒకప్పుడు ఆస్పత్రిలో అతనంత చురుకైన చెయ్యి లేదు. ఇప్పుడు ఒక్క తాళం పట్టుకుని వేస్తాడు, తీస్తాడు, మళ్ళీ వేస్తాడు. పక్కన పెట్టి మళ్ళీ తీసి చూస్తాడు. కుర్చీలో ఎదురుచూస్తున్న ఒకాయన, "అయ్యా, ఆ తాళం మా పెరటి తలుపుకి, బ్యాంకుకి కాదు" అని విసుక్కుని లాక్కుపోయాడు.

తమ్ముడు నిలబడే చెప్పాడు. తీగ, గొళ్ళెం, జేబు, అన్నీ. ఒక్క మాట దాచలేదు. నా సంగతి మాత్రం చెప్పలేదు.

ఫిట్టరు చాలాసేపు స్క్రూడ్రైవరు తుడుస్తూ ఉన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఆ సోమవారం నేను గొళ్ళెం చూశాననే నా జ్ఞాపకం. చూశానని అందరితో చెప్పాను. ఎవరూ నమ్మలేదు. మా ఆవిడ కూడా, 'ఒక్కసారి మర్చిపోయి ఉంటారేమో' అంది. పోనుపోను నాకూ అదే అనిపించింది. నేనే మర్చిపోయాను, నా వల్లే ఆవిడ చెయ్యి పోయింది అనుకున్నాను. పదకొండేళ్ళుగా రోజూ దేవుడి ముందు ఆవిడ చేతి కోసం ఏడుస్తున్నాను. చెయ్యని పాపానికి క్షమించమని అడుగుతున్నాను. ఇదిగో చూడండి, నా చేతిని నేనే నమ్మలేను. ఒక్క తాళం పూర్తిచెయ్యడానికి పూట పడుతుంది."

తమ్ముడు నేల మీద కూలబడ్డాడు. ఉద్యోగం తీశాననుకుని వచ్చాడు వాడు. తీసింది మనిషినే అని అక్కడ తెలిసింది. "క్షమించన్నా" అన్నాడు.

"లే. దుకాణం ముందు నుంచి లే. ఆఫీసులో చెప్పు ముందు. రాసి ఇవ్వు. క్షమాపణ మాట నాకు చెప్పకు."

మర్నాడే రాసి ఇచ్చాడు. ఆదివారం గుడి పెరట్లో సిమెంటు తొట్టిలో బాప్తిస్మం, బుధవారం చేతిలో ఉత్తర్వు. రిటైరవడానికి ఎనిమిది నెలలు ఉందనగా తీసేశారు. నెల తిరిగేలోగా క్వార్టరు ఖాళీ చేశాం. టైర్ల దుకాణం వెనక ఒకే గది, ముగ్గురం అందులోనే. గోడ నిండా రబ్బరు వాసన. ఫిట్టరుకి ఆఫీసు నుంచి రెండు వరసల ఉత్తరం వచ్చిందట, తప్పు అతనిది కాదని. అప్పటికి అతనికి అరవై దాటాయి. ఆ ఉత్తరం దేనికి పనికొస్తుంది? చెయ్యి పోయిన ఆవిణ్ణి వెతుక్కుంటూ తమ్ముడు వెళ్తే రెండేళ్ళ కిందటే జ్వరంతో పోయిందన్నారు. ఆ గుమ్మంలోనే కాసేపు నిలబడి వచ్చేశాడు.

అప్పటినుంచి ప్రతి గురువారం ఫిట్టరు దుకాణానికి ఎదురుగా అరుగు మీద వెళ్ళి కూర్చునేవాడు. ఫిట్టరు తలెత్తేవాడు కాదు. మరదలికి ఒళ్ళు మండేది. "ఆ మనిషి కుక్కని చూసినట్టు కూడా చూడడు. ఎందుకు పోవడం?"

"ఎప్పుడైనా తిట్టాలనిపిస్తే నేను అక్కడ దొరకాలిగా."

రెండేళ్ళు అలా వెళ్ళాడు. ఒక్క తిట్టు కూడా దొరకలేదు. బ్లీచింగు పొడి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు అప్పటికే పాడయ్యాయి. ఈ ఏడు మంచం దిగలేకపోయాడు. మాట్లాడితే దగ్గు, దగ్గితే రక్తం. ఒక ఉదయం నన్ను దగ్గరికి పిలిచి, "అక్కా, ఫిట్టరు ఒకసారి వస్తాడేమో అడుగు" అన్నాడు.

వెళ్ళాను. దారంతా ఒకటే ఆలోచన. రానంటే, వీడితో వచ్చి 'క్షమించానని చెప్పమన్నాడు' అని చెప్పేస్తే ఏం పోయింది? చచ్చిపోయేవాడికి కాస్త చల్లగా ఉంటుంది. ఆ అబద్ధం మాటా మాటా పేర్చుకుని సిద్ధంగా పెట్టుకున్నాను.

ఫిట్టరు నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. చెప్పింది విన్నాడు. విని, "అమ్మా, ఒక మాట అడుగుతాను. ఆ తీగ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు.

లేదు నాయనా, మీతో పాటే తెలిసింది అనొచ్చు. నాలుక చివర దాకా వచ్చింది. యాభై ఏళ్ళుగా క్రీస్తు రక్తం గురించి గొంతెత్తి పాడిన నోరు ఇది. అది నా ఒంటి దాకా ఎప్పుడూ రానివ్వలేదని ఆ కుర్చీలో తెలిసింది. నాకు కడగడానికి ఏముందిలే అనుకునేదాన్ని.

"ఆ రోజే తెలుసు. పారేయమన్నది నేనే" అన్నాను.

"మీరు కూడానా?" అన్నాడు. కోపంగా అనలేదు. అలసిపోయిన మనిషి అన్నట్టు అన్నాడు. "మా ఆవిడ కాన్పుకి వస్తే మీరే చూశారు. గుర్తుందా?"

గుర్తుంది. నేను కాళ్ళు పట్టుకోలేదు. పట్టుకునే అలవాటు లేదు నాకు. "తప్పు చేశాను" అన్నాను. అంతకంటే పెద్ద మాట నాకు రాలేదు.

"నేను రాలేనమ్మా. క్షమించానని చెప్పమంటే అది అబద్ధం అవుతుంది. విన్నానని చెప్పండి. అతను చెప్పింది మొత్తం విన్నాను. అంతకు మించి నా దగ్గర లేదు."

ఇంటికి వచ్చేసరికి తమ్ముడు గుమ్మం వైపే చూస్తున్నాడు. సిద్ధంగా పెట్టుకున్న అబద్ధం నోట్లోనే ఉంది. మింగేశాను. ఫిట్టరు అన్నదే ఉన్నదున్నట్టు చెప్పాను. నేను ఒప్పుకున్నదీ చెప్పాను.

వాడు చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఫిట్టరు బాధ తగ్గాలని ప్రార్థన చెయ్యక్కా, నా కోసం వద్దు. నాది అయిపోయింది, సిలువ మీదే" అన్నాడు. మళ్ళీ దగ్గు. తర్వాత నా వేలు పట్టుకుని, "అయితే ఇప్పుడు ఆయన వెనక నువ్వూ బయల్దేరావన్నమాట" అన్నాడు. వేళాకోళమో నిజమో వాడి మొహం చూస్తే తెలియలేదు. నేను తిట్టబోయి ఆగాను.

శుక్రవారం పది గంటలకి పోయాడు. అందుకే చెప్తున్నాను, వాడు పనులతో ఏమీ సంపాదించుకోలేదు. ప్రభువు ముందే చేర్చుకున్నాడు కాబట్టి వెళ్ళాడు ఫిట్టరు దగ్గరికి. చేర్చుకున్నాక దారి చల్లగా ఉంటుందని మాత్రం ఎవరూ వాడికి చెప్పలేదు, నేను చెప్పినా అది అబద్ధమే అయ్యేది. శనివారం సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. గొయ్యి పూర్తిగా పూడ్చేదాకా గేటు వైపే చూస్తూ నిలబడ్డాను. ఫిట్టరు రాలేదు.